ఎసట్లో పడకముందు: విశ్వాసం, సిరి, వరుస

దోర్నకల్ తొలి బిషప్పు వేదనాయకం శామ్యూల్ అజరయ్య స్మృత్యర్థం జరుగుతున్న ఈ ఉపన్యాసానికి ఎన్నుకున్న విషయం క్రైస్తవ జీవితంలో విశ్వాసానికీ ధనానికీ ఉండవలసిన సంబంధం. ఈ విషయం మీద ప్రసంగాలకు కొదవ లేదు కనుక, సభికులు ప్రతి ఆదివారం వినేదాన్నే మళ్ళీ వినవలసి వస్తుందేమోనన్న శంక సహజమే. అయితే ఆ ప్రసంగాల్లో ఎక్కువ భాగం ధనమున్న వాళ్ళను ఉద్దేశించినవి. అజరయ్య జీవితం ఈ బోధను ధనం లేని వాళ్ళ వైపు నుంచి చూడమంటుంది.

ఆయన 1874లో తిరునెల్వేలి సీమలోని వెల్లాలన్‌విళై గ్రామంలో, పల్లెటూరి పాదిరీ ఇంట తమిళుడిగా పుట్టారు. 1898లో కట్నం పుచ్చుకోకుండా, ఆడంబరం లేకుండా వివాహం చేసుకున్నారు. వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా దక్షిణ దేశమంతా తిరిగి పేరు తెచ్చుకున్న తరువాత, 1909లో ఆ ఉద్యోగం వదులుకుని, నిజాం రాజ్యపు ఒక మూలనున్న దోర్నకల్‌కు వచ్చి, తెలుగు నేర్చుకుని, పల్లె పల్లెకూ తిరిగే సువార్తికుడయ్యారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో బిషప్పుగా అభిషిక్తుడై, ఆంగ్లికన్ సంఘంలో ఆ పీఠమెక్కిన మొదటి భారతీయుడయ్యారు. 1945 జనవరి 1న దోర్నకల్‌లోనే కన్నుమూశారు. అప్పటికి ఆ డయోసిస్‌లోని, అంటే ఒక బిషప్పు ఏలుబడిలోని సంఘాలన్నిటిలోని, క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటింది. వాళ్ళలో అత్యధికులు మాల మాదిగ పల్లెల వారు. సెంటు భూమి లేని కూలీలు, పాలేర్లు. అటువంటి జనం దగ్గరికి వెళ్ళి, ఇవ్వడం మీ హక్కు అని చెప్పినవాడు అజరయ్య. క్రైస్తవ దానం మీద ఆయన ఒక పుస్తకమే రాశారు.

ఈ ఉపన్యాసం నిలబెట్టదలచిన వాదం ఒక్కటే. విశ్వాసాన్ని ధనం కంటే పైన ఉంచాలని అనడం అలవాటు. ‘పైన’ అన్న మాట తక్కెడను తలపిస్తుంది. ఏది ఎంత బరువు, ఎవరు ఎంత వదులుకున్నారు అనే లెక్కలోకి దింపుతుంది. కొండమీది ప్రసంగంలో క్రీస్తు వాడిన మాట అది కాదు. తిండి, బట్ట వంటి వాటి గురించిన చింతను వదిలి దేవుని రాజ్యాన్నీ నీతినీ ‘మొదట’ వెదకమన్నాడు. మొదట అన్నది వరుసకు చెందిన మాట. విశ్వాసం ధనం కంటే ఎంత ఎక్కువ అన్నది కాక, రెండింటిలో ఏది ముందు అన్నదే అసలు ప్రశ్న అని, ఈ ప్రశ్నను కలవారి కంటే లేనివారే తేటగా అర్థం చేసుకున్నారని తెలుగు నేల మీది క్రైస్తవ చరిత్ర చూపుతుంది.

1. సిరి అనే మాట

ఒక మనిషి ఇద్దరు యజమానులను కొలవలేడని చెప్పేచోట సువార్తలో ‘మామోను’ అనే అరామిక్ మాట ఉంది. గ్రీకులో రాసినవారు దాన్ని అనువదించకుండా అలాగే ఉంచారు. తెలుగు బైబిలు అనువాదకులు మాత్రం దానికి ‘సిరి’ అన్న మాట ఎంచుకున్నారు. ధనం, ద్రవ్యం, ఐశ్వర్యం వంటి సంస్కృత పదాలు చేతికి అందేంత దూరంలోనే ఉండగా వాళ్ళు ఈ మాటను ఎంచుకోవడం యాదృచ్ఛికమైనా కాకపోయినా, దాని ఫలితం గంభీరమైనది.

సిరి అన్నది ‘శ్రీ’కి తద్భవం. తెలుగువాడికి అది డబ్బు మాత్రమే కాదు. కళ, శుభం, పచ్చదనం, కొత్త కోడలి అడుగు, కళ్ళంలో ధాన్యపు రాశి అన్నీ ఆ రెండక్షరాల్లో ఇమిడి ఉన్నాయి. వస్తున్న సిరికి మోకాలడ్డినవాణ్ణి సామెత వెక్కిరిస్తుంది. సిరి నిలకడ లేనిదని తెలుగువాడికి తెలియక కాదు. అది వచ్చేటప్పుడు కొబ్బరికాయలో నీరు చేరినట్టు చేరుతుందని, పోయేటప్పుడు ఏనుగు మింగిన వెలగపండులోని గుజ్జులా మాయమవుతుందని సుమతీ శతకకారుడు ఏనాడో చెప్పి ఉన్నాడు. అయితే ఆ ఊహలో సిరి ఒక అతిథి. వస్తుంది, పోతుంది, ఉన్నన్నాళ్ళు మర్యాద చేయాలి. సువార్తలోని సిరి అతిథి కాదు, యజమాని. ఇంటికి వచ్చిన చుట్టం ఇంటి పెత్తనం తీసుకోవడం ఎటువంటిదో, ఈ రెండు భావాల మధ్య తేడా అటువంటిది. తెలుగు క్రైస్తవుడు ఆ వాక్యం చదివిన ప్రతిసారీ, తన భాషలో మంగళకరమైన ఒక మాట దేవునికి ఎదురు కుర్చీలో కూర్చోవడం చూస్తాడు. మామోను అనే పరాయి పేరు ఆ కలవరాన్ని కలిగించలేదు.

కనుక సిరి చెడ్డదని కొట్టిపారేయడం తెలుగులో మరీ కష్టం. బైబిలు ఉద్దేశమూ అది కాదు. పౌలు తిమోతికి రాసిన పత్రికలో కీడులన్నిటికీ మూలమన్నది ధనాన్ని కాదు, ధనాపేక్షను. క్రీస్తు ఒక ధనిక యువకుణ్ణి ఉన్నదంతా అమ్మి పేదలకు ఇమ్మన్నాడు. జక్కయ్య తనంత తానుగా సగం ఇస్తానంటే అది చాలదని అనలేదు. అరిమతయియ యోసేపు ధనవంతుడిగానే ఉండి, తన సమాధిని ఇచ్చాడు. లెక్కలు మూడు చోట్లా మూడు రకాలు. మూడింటిలోనూ నిలిచిన ప్రశ్న మాత్రం ఒకటే: పిలుపూ ఆస్తీ రెండూ ఒకే గుమ్మం దగ్గర ఎదురుపడినప్పుడు ఎవరు ముందు లోపలికి వెళ్ళాలి?

2. ఒంగోలు పల్లెల్లో ఆదివారం

సిరి లేనివాడికి ఈ ప్రశ్న వర్తిస్తుందా అన్నది తరువాతి మెట్టు. కూలివాడి దగ్గర యజమానిగా మారగల సిరి ఎక్కడిది అని అడగవచ్చు. దీనికి జవాబు ఒంగోలు చుట్టుపక్కల పల్లెల్లో 1866 తరువాత దొరికింది. ఆ ఏడాది యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద బాప్తిస్మం పొందాడు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఒంగోలులో స్థిరపడింది కూడా అప్పుడే. కొత్త విశ్వాసులకు పెట్టిన నియమాలు మూడే: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువుల మాంసం తినకూడదు, విగ్రహాలను పూజించకూడదు.

వినడానికి ఇవి ఏ బోధకుడైనా పెట్టే నియమాల్లా ఉన్నాయి గానీ, ఊరి కట్టుబాటులో వీటి అర్థం వేరు. మాదిగవాడి రోజులన్నీ ఆసామివి. పండుగనాడు డప్పు కొట్టడం, చచ్చిన గొడ్డును ఈడ్చుకుపోవడం, చెప్పులు, మోకులు, బొక్కెనలు కుట్టి ఇవ్వడం, కోతల్లో పిలిచిన వేళకు రావడం, వీటికి బదులుగా ఏటా కళ్ళంలో దొరికే గింజలే వాళ్ళ బతుకు. అదే వాళ్ళ సిరి. ఆదివారం రానంటే ఆ గింజలు ఆగిపోయాయి. చాలా ఊళ్ళలో పని ఇవ్వడం మానేశారు, నీళ్ళ దగ్గరికి రానివ్వలేదు. కలవారి ఇంట్లో ఆదివారం విశ్రాంతి దినం. ఆ పల్లెల్లో అది పస్తు దినం. ధనికుడు ధనాన్ని రెండో స్థానంలో పెడితే మిగిలిన ధనంతో బతుకుతాడు. ఈ మనుషులు రెండో స్థానంలో పెట్టినది రేపటి గంజి.

ఇక్కడ ఒక చిన్న మాట. యూదుల విశ్రాంతి దినం వారంలో చివరిది, అంటే ఆరు రోజులు పాటుపడిన తరువాత వచ్చేది. క్రైస్తవులు క్రీస్తు లేచిన రోజని వారంలోని మొదటి రోజును ఆచరిస్తారు. ఆదివారం అన్న పేరు ఆదిత్యుడి నుంచి వచ్చినదే గానీ, తెలుగు చెవికి అందులో ‘ఆది’ కూడా వినపడుతుంది. కూలి దొరికిన తరువాత తీసే రోజు కాదది. కూలికి ముందే తీసిపెట్టిన రోజు.

వరుస తప్పితే ఏమవుతుందో క్లౌకు తెలుసునని 1876–78 నాటి కరువు చూపింది. ఆకలితో జనం చచ్చిపోతున్న ఆ రోజుల్లో ఆయన బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చేశాడు. కాలువ గట్టు మీద కూలీలతో పాటు బోధకులూ ఉన్నారు, వినేవాళ్ళు విన్నారు. బాప్తిస్మం అడిగినవాళ్ళకు మాత్రం కరువు పని నడిచినన్నాళ్ళు, ఏడాదికి పైగా, ఇవ్వలేదు. గింజల కోసం మతం పుచ్చుకున్నారన్న మాట రాకూడదని, నిజంగా అలా పుచ్చుకునేవాళ్ళు ఉంటే జల్లెడ పట్టినట్టు వాళ్ళంతట వాళ్ళే జారిపోవాలని ఆయన ఉద్దేశం. సాయం ఆగిపోయిన తరువాత, ఇక ఇచ్చేందుకు ఏమీ లేదని చెప్పిన తరువాత కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మందికి దేశీయ బోధకులు బాప్తిస్మమిచ్చారు. ఈ సంఖ్యను మిషను చరిత్రలు గర్వంగా చెప్పుకుంటాయి. ఈ ఉపన్యాసానికి ఆ సంఖ్య కంటే దానికి ముందున్న ఏడాది ముఖ్యం. అన్నాన్నీ బాప్తిస్మాన్నీ ఒకే వరుసలో నిలబెట్టకుండా, మధ్యలో అంత ఎడం పెట్టినందువల్లనే వచ్చినవాళ్ళ మాటకు విలువ వచ్చింది.

3. పిడికెడు బియ్యం

వదులుకోవడం ఒకటి, ఇవ్వడం మరొకటి. ఒంగోలు పల్లెలు మొదటిది నేర్పితే దోర్నకల్ రెండోది నేర్పింది.

అజరయ్య 1903లో తిరునెల్వేలిలో, 1905లో శ్రీరాంపూరులో రెండు మిషనరీ సంఘాల పుట్టుకలో పాలుపంచుకున్నారు. పనివాళ్ళు భారతీయులే కావాలి, డబ్బు భారతీయులదే కావాలి, నిర్వహణ భారతీయులదే కావాలన్నది ఆ ప్రయత్నాల వెనకనున్న సూత్రం. 1910లో ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన తెల్ల మిషనరీల త్యాగాలను మెచ్చుకుంటూనే, వాళ్ళిచ్చిన వాటన్నిటిలోనూ స్నేహం కొరవడిందని మొహమాటం లేకుండా చెప్పి సభను ఇబ్బంది పెట్టారు. ఇచ్చేవాడు ఎప్పుడూ ఒకడే, పుచ్చుకునేవాడు ఎప్పుడూ ఇంకొకడే అయినచోట స్నేహం కుదరదు. ఈ సంగతి గ్రహించినందువల్లనే ఆయన దోర్నకల్ పేదలను పుచ్చుకునేవాళ్ళుగా మిగలనివ్వలేదు. మిషను జీతంతో బతికే ఉపదేశి మిషనువాడు. ఊరు గింజలు పోసి నిలబెట్టుకున్న ఉపదేశి ఊరివాడు.

దీనికి వాడుకలోకి వచ్చిన పద్ధతి ఈ సభలోని అమ్మలకు కొత్తది కాదు. పొయ్యి మీద ఎసరు మరుగుతుండగా, చేటలోని బియ్యం అందులో పోయకముందే, ఇల్లాలు ఒక పిడికెడు తీసి వేరే కుండలోనో డబ్బాలోనో వేస్తుంది. ఆదివారం ఆ బియ్యాన్ని గుడికి తెస్తుంది. అక్కడ అందరి బియ్యమూ ఒకచోట కలిసి, అమ్ముడై, సువార్త పనికి సొమ్మవుతుంది. ఇదే పద్ధతి మిజోరాంలోని ప్రెస్బిటేరియన్ స్త్రీలలో 1910లో మొదలై, అక్కడి సంఘానికి వెన్నెముకగా నిలిచింది. కోతల పండుగనాడు తెచ్చే ధాన్యం, గుమ్మడికాయలు, కోళ్ళు, గుడ్లు, వాటిని గుడి ఆవరణలో వేలం వేసేటప్పటి నవ్వులు ఇంకో పెద్ద కథ.

పిడికెడు బియ్యంలో మూడు సంగతులు ఆలోచించదగినవి. ఇది ఎసట్లో పడకముందు తీసినది. వండి, వడ్డించి, మిగిలితే ఇచ్చేది కాదు. నిజానికి ఉడికిన అన్నంలోంచి తీస్తే అది ఆదివారం దాకా నిలవదు కూడా. కొండమీది ప్రసంగంలోని ‘మొదట’ అన్న మాటకు ఇంతకంటే మంచి వ్యాఖ్యానం పండితులు రాయలేదు. రెండోది, ఇది స్త్రీ చేతిలోనిది. కూలి డబ్బు మగవాడి చేతికి వచ్చి మధ్య దారిలోనే ఖర్చయిపోయే ఇళ్ళలో కూడా చేటలోని బియ్యం మీద నిర్ణయం ఆమెది. సంఘపు కమిటీలో ఆమెకు కుర్చీ లేని రోజుల్లో సంఘపు ఖజానాకు మాత్రం ఆమే మూలం. చరిత్ర రాసిన మగవాళ్ళు ఈ సంగతి మీద ఎక్కువ సిరా ఖర్చు చేయలేదు. మూడోది, పిడికిలి అందరికీ దాదాపు ఒకటే. మోతుబరి ఇల్లాలి పిడికిలి పాలేరు భార్య పిడికిలి కంటే పెద్దది కాదు. బరువులో సమానమైన ఆ రెండు పిడికిళ్ళలో ఒకదాని వెనక గాదె ఉంది, రెండోదాని వెనక చేట అడుగు కనిపిస్తుంది. దేవాలయపు కానుక పెట్టెలో రెండు కాసులు వేసిన పేద విధవరాలిని క్రీస్తు శిష్యులకు చూపించినది ఈ తేడా కోసమే. కడుపేదలైన మాసిదోనియ సంఘాల వాళ్ళు యెరూషలేము పరిశుద్ధుల సహాయంలో తమకూ పాలు ఇమ్మని బతిమాలారని పౌలు కొరింథీయులకు రాయడంలోనూ ఇదే ఆశ్చర్యం ఉంది.

4. ఒక ఆక్షేపణ, మరొక ఆక్షేపణ

ఇంతవరకు విన్నవాళ్ళలో కొందరికి కోపం వచ్చి ఉండాలి. రాకపోతే విచారించవలసిన విషయమే. ఆకలితో ఉన్నవాడి చేటలోంచి పిడికెడు తీయించే మతం ఎటువంటి మతం? పేదవాడికి పెట్టవలసినది పోయి, పేదవాడి దగ్గరే పుచ్చుకోవడమా?

ఈ ప్రశ్నకు మార్కు సువార్తే చోటిచ్చింది. విధవరాలి కానుక కథ పన్నెండో అధ్యాయంలో ఉంది. దానికి సరిగ్గా పైన, పొడుగాటి ప్రార్థనలు చేస్తూ విధవరాండ్ర ఇళ్ళను మింగే శాస్త్రులను క్రీస్తు నిందించిన మాట ఉంది. బోధకులు కానుకల ఆదివారం కింది కథ చదివి పైవాక్యాన్ని వదిలేస్తారు. రెండూ కలిపి చదివితే, ఆమె ఇచ్చినది గొప్పదని, ఆ పెట్టె తాళం చెవి ఉన్నవాళ్ళ మీద భయంకరమైన బాధ్యత ఉందని ఒకేసారి అర్థమవుతుంది. బైబిలులో ‘గృహనిర్వాహకుడు’ అనే మాట ఉంది. యజమాని సొత్తును యజమాని కోసం చూసుకుని లెక్క అప్పజెప్పేవాడని దాని అర్థం. ఇచ్చినవాడు గృహనిర్వాహకుడైతే, పుచ్చుకున్న సంఘం అంతకు రెట్టింపు గృహనిర్వాహకత్వం వహించాలి. దోర్నకల్‌లోని ఎపిఫనీ కెథడ్రల్, అంటే బిషప్పు పీఠముండే ప్రధాన ఆలయం, 1939 జనవరి 6న ప్రతిష్ఠ అయ్యింది. గుమ్మటాలు, మినార్లు, తామరపూల స్తంభాలు కలిసిన ఆ కట్టడం పూర్తి కావడానికి పాతికేళ్ళ దాకా పట్టింది. గుడిసెల మధ్య అంత ఆలయం ఎందుకని అడగడం అపచారం కాదు. తమ ఇల్లు గడ్డిదైనా తమ గుడి రాతిదని చెప్పుకునే గర్వం గుడిసెవాడికి ఉండకూడదా అన్న ఎదురు ప్రశ్న కూడా న్యాయమైనదే. ఈ ఉపన్యాసం ఆ వ్యాజ్యాన్ని తేల్చదు.

రెండో ఆక్షేపణ సూటిగా ఉంటుంది: విశ్వాసం ముందు, ధనం తరువాత అని బోధించడం పేదవాణ్ణి ఉన్నదానితో తృప్తిపడమనడమే, ఆ బోధ వల్ల లాభపడేది ఆసామే. ఒంగోలు అనుభవం దీన్ని తిరగేసింది. ఆదివారం పని మానడం వల్ల మొదట నష్టపోయినది కూలివాడే అయినా, తన ఆజ్ఞ చెల్లని ఒక రోజు పుట్టిందని మొదట గ్రహించినది ఆసామి. చచ్చిన గొడ్డు మాంసం వద్దన్నవాళ్ళు, తరువాత తమ పిల్లలకు పలక ఇమ్మన్నారు. తృప్తిపడిన మనుషుల లక్షణాలు కావివి.

5. ఈనాటి వరుస

వరుస తలకిందులైన చోట్లు ఈనాడు వెదకనక్కరలేదు. ‘విత్తనం వేయండి, వందరెట్లు కోయండి’ అనే తీరు బోధలో కానుక పెట్టుబడి అవుతుంది, దేవుడు వడ్డీ కట్టేవాడవుతాడు. అక్కడ విశ్వాసం ముందున్నట్టే కనిపిస్తుంది గానీ, అది సిరి ఇంటికి వెళ్ళే బాటగా ముందుంది. దీని గురించి ఇంతకంటే చెప్పడం అనవసరం. కట్నం సంగతీ అంతే. గుడిలో ప్రమాణాలు జరగడానికి ముందే ఇంటి దగ్గర లెక్క తేలిపోయి ఉంటుందని, ఆ లెక్క తేలలేదని ఆగిన పెళ్ళిళ్ళు ఉన్నాయని సంఘ పెద్దలకు బాగా తెలుసు; కట్నం లేకుండా పెళ్ళి చేసుకున్న బిషప్పు పేరిట జరిగే సభలో దాన్ని తలవకుండా ఉండడం మర్యాద కాదు.

ఎక్కువసేపు ఆగవలసిన చోటు మరొకటి ఉంది. షెడ్యూల్డ్ కులాలను నిర్ణయించిన 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఆ హోదాను హిందువులకే పరిమితం చేసింది, 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించింది, క్రైస్తవులకు ఇవ్వలేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లో ఎస్సీల నుంచి క్రైస్తవులైన వాళ్ళను, వాళ్ళ సంతానాన్ని బీసీ-సి గ్రూపులో చేర్చి ఒక్క శాతం రిజర్వేషను ఇచ్చారు. మాలపల్లెలోనో మాదిగపల్లెలోనో పుట్టిన విద్యార్థి తన విశ్వాసాన్ని కాగితం మీద రాస్తే సీటు, ఉద్యోగం, ఉపకార వేతనం ఏ మేరకు తగ్గుతాయో ముందే లెక్కకట్టి చెప్పవచ్చు. విశ్వాసానికి ఇంత కచ్చితమైన వెల చీటీ కట్టిన సందర్భం చరిత్రలో అరుదు. సంఘ రిజిస్టరులో ఒక పేరు, తహసీల్దారు సర్టిఫికెట్టులో ఇంకో పేరు ఉన్న కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వాళ్ళను పిరికివాళ్ళని వేదిక మీది నుంచి గద్దించడం సులభం. మతం మారినంత మాత్రాన ఊరు వాళ్ళను చూసే చూపు మారలేదు కనుక, కులం వల్ల కలిగిన నష్టానికి ఇచ్చే పరిహారాన్ని మతం పేరిట నిరాకరించడం న్యాయమా అన్న ప్రశ్న ప్రభుత్వానికి వెళ్ళవలసినది. దాని జవాబు ఆ పిల్లల నుంచి రాబట్టడం న్యాయం కాదు.

ఇక్కడ సంఘం ఇవ్వవలసిన లెక్క కూడా ఒకటుంది. ఒంగోలు పల్లెలవాళ్ళు ఆదివారపు గింజలు వదులుకున్నప్పుడు వాళ్ళ వెనక నిలబడగల స్తోమత ఉన్న దేశీయ సంఘం ఇంకా లేదు. తరువాతి తరాల పిడికిళ్ళు కూడి ఆ సంఘాన్ని నిలబెట్టాయి. 1947లో దక్షిణ ఇండియా సంఘంలో దోర్నకల్ ఒక భాగమయ్యింది. ఈనాడు సంఘాల పేరిట భూములు, ఆసుపత్రులు, బడులు, కళాశాలలు ఉన్నాయి. విశ్వాసాన్ని ఉన్నదున్నట్టు కాగితం మీద రాసి, బీసీ-సి సర్టిఫికెట్టు పట్టుకుని, పాలేరు మనవడో కూలివాడి మనవరాలో ఆ కళాశాల గుమ్మం దగ్గరికి వచ్చినప్పుడు, మేనేజ్‌మెంటు కోటాకు డబ్బు తెచ్చినవాళ్ళ కంటే ముందు నిలబడుతున్నారో వెనక నిలబడుతున్నారో, ఈ సభలో కూర్చున్న సంఘ పెద్దలు వచ్చే కమిటీ సమావేశంలో అడ్మిషన్ల రిజిస్టరు తెప్పించుకుని చూడగలరు.